తొంభై ఏడో నంబరు

వర్క్‌షాపు, కిటికీ పక్క బల్ల
మార్చి 9

నిదానానికి,

అమ్మ నీకు పెట్టిన ముద్దుపేరు ఇన్నేళ్ళ తర్వాత ఇంత బాగా అతుకుతుందని అనుకోలేదురా. మొన్న ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నావు. నిన్న చేస్తే మీటింగుకి వెళ్తున్నావు. ఇవాళ దొరికావు గానీ నేను చెప్పినంతసేపూ "ఊఁ" అని నాలుగుసార్లు అన్నావు, అంతే. ఉత్తరానికి "ఊఁ" అని జవాబు రాయలేవు కదా. అందుకే కాగితం తీశాను.

సంగతి నీకు తెలియనిది కాదు, నువ్వు కూర్చునేదే సుంకాల విభాగంలో. అవతలి దేశం వాళ్ళు మన తోలు గ్లవ్స్ మీద సుంకం వేశారు. పదకొండేళ్ళుగా మన దగ్గర తోటపని గ్లవ్స్ కొంటున్న పెద్దమనిషి రెండు లైన్లు రాసి పంపాడు. ఈ సుంకంతో గిట్టుబాటు కాదట, ఇక పంపొద్దట. కట్టి ఉంచిన అట్టపెట్టెలు గోడ వారగా నా నడుము ఎత్తు వరకు ఉన్నాయి. మిషన్ దగ్గరికి వెళ్ళాలంటే అందరం పక్కకి తిరిగి నడుస్తున్నాం.

పద్నాలుగు మంది ఆడవాళ్ళు రోజూ పొద్దున్నే వచ్చి నా మొహం చూస్తున్నారు. కటింగు పిన్ని అయితే కత్తెర తుడుచుకోవడం, బల్ల మీద పెట్టడం, మళ్ళీ తీసి తుడుచుకోవడం. ఆవిడ ఖాళీగా కూర్చోవడం నువ్వెప్పుడైనా చూశావా? నేను చూడలేదు. చూడలేక బయటికెళ్ళి నిలబడుతున్నాను.

జనవరిలో చేరిన అమ్మాయి చెయ్యి కూడా అందరిలాగే కొలతకి గోడ మీద గీద్దామని ఖాళీ వెతుకుతుంటే నీ చెయ్యి కనిపించింది. నీకు తొమ్మిదేళ్ళప్పుడు అమ్మ పెన్సిలుతో గీసింది కదా. పనివాళ్ళ చేతులన్నిటి మధ్య అదొక్కటే చిన్నది. ఎవరైనా పిల్లల సైజు అడిగితే ఇప్పటికీ దాన్నే కొలుస్తాం. ఆ చెయ్యి ఇప్పుడు పెద్దదై అక్కడ సంతకాలు పెడుతోంది గదా, మాకోసం ఒక్కటి పెట్టలేదా?

గ్లవ్స్ తయారీదార్ల సంఘం నన్ను కార్యదర్శిని చేసింది. మీ విభాగానికి అర్జీ రాయబోతున్నాను. ఆ దేశం నుంచి వచ్చే ప్రతి వస్తువు మీదా మనమూ సుంకం వేయాలి. దెబ్బకు దెబ్బ. మీ బావ ఏమంటున్నాడో తెలుసా? "మీ తమ్ముడు ఆలోచించి నిర్ణయం తీసుకునేలోపు మనకి మనవలు పుడతారు" అంటున్నాడు. మా పిల్లలకే ఇంకా పెళ్ళిళ్ళు కాలేదు.

అక్క

*

సుంకాల విభాగం, మూడో అంతస్తు
మార్చి 17

అక్కకి,

ఊఁ.

ఉత్తరంలో కూడా అనొచ్చని చూపించాను. ఇక తిట్టుకోకుండా చదువు.

ఇక్కడ లిఫ్టు పాడై నెలయింది. ఒకే బల్ల చుట్టూ ఆరుగురం కూర్చుంటున్నాం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీలాంటి ఉత్తరాలే చదువుతున్నాం. నీ అంత బాగా ఎవరూ తిట్టడం లేదు, అది మాత్రం ఒప్పుకుంటాను.

నా మాట కాస్త విను. వాళ్ళు వేసిన సుంకం కట్టేది వాళ్ళ దేశంలో గ్లవ్స్ కొనేవాడు. మనం తిరిగి వేస్తే ఆ సుంకం కట్టేది మన దేశంలో ఆ వస్తువు కొనేవాడు. నీకు గుర్తుందో లేదో, నేను నీ రిబ్బను కత్తిరించానని ఒకసారి నా మీద కోపంతో తలుపుని గుద్దావు. వారం రోజులు నీ చేతికి కట్టు ఉంది, అన్నం కూడా అమ్మే తినిపించింది. నాకేమీ కాలేదు. తలుపుకి కూడా ఏమీ కాలేదు.

ఊరుకోమని చెప్పడం లేదు. మాట్లాడాలి, వేరే దేశాల్లో కొనేవాళ్ళని వెతకాలి, పని ఆగినవాళ్ళని ఈలోపు ప్రభుత్వం ఆదుకోవాలి. తిరిగి కొట్టక తప్పకపోతే వాళ్ళకి నొప్పి పుట్టి మనకి పుట్టని చోట చూసి కొట్టాలి. ఆ చోటు వెతకడానికి టైము పడుతుంది. అందుకే నేను నిదానం.

రెండు పనులు చెప్తాను, చెయ్యి. ఇందులో కొన్ని దేశాల కొనుగోలుదార్ల చిరునామాలు పెట్టాను, నమూనాలు పంపు. రెండోది, ఒక కాగితం పట్టుకుని వర్క్‌షాపంతా తిరుగు. ప్రతి వస్తువూ తిరగేసి, అడుగున చూసి, ఏ దేశంలో తయారైందో రాసి పంపు. ఎందుకని అడగకు.

నీ తమ్ముడు

*

వర్క్‌షాపు
ఏప్రిల్ 2

నిదానానికి,

నేను ఆయుధం అడిగితే నువ్వు గరిటెలు లెక్కపెట్టమంటున్నావు. నీ బుద్ధి మారదు. చిన్నప్పుడు వాన వస్తోందిరా బట్టలు తీయరా అంటే, ముందు మబ్బు ఏ వైపు పోతోందో చూసేవాడివి. బట్టలు తడిసేవి.

తలుపు సంగతి బాగా గుర్తుంది. రిబ్బను సంగతి అంతకంటే బాగా గుర్తుంది.

సుంకం కట్టేది వాళ్ళ కొనుగోలుదారు అన్నావు. కాగితం మీద చాలా బాగుంది. కానీ ఆయన కట్టడం లేదురా, కొనడం మానేశాడు. కట్టేది ఇక్కడ కత్తెర తుడుచుకుంటున్న పిన్ని. ఇవాళ గ్లవ్స్ మీద వేసినా మనం నోరు మెదపలేదనుకో, రేపు తోలు బ్యాగుల మీద వేస్తారు, ఎల్లుండి చెప్పుల మీద వేస్తారు. అప్పుడు కూడా అందరినీ చెప్పులు తిరగేసి చూడమంటావా?

అయినా అడిగావు కాబట్టి ఇదిగో నీ జాబితా. తోలు మనది. దారం మనది. మైనం మనది. కుట్టుమిషన్లు అమ్మ కొన్నవి, వాటి మీద రాతలు ఎప్పుడో అరిగిపోయాయి. సూదులు మనవే, సూదుల తాత దుకాణంలోవి, ఆయన పేరున్న రేకు డబ్బాలో వస్తాయి, ఇరవై ఏళ్ళుగా అవే. చీపురు మనది. మీ బావ కూడా లోకలే, తిరగేసి చూశాను, ఎక్కడా ఏ ముద్రా లేదు. తృప్తిగా ఉందా?

అర్జీ పంపేశాను. మూడో పేరా నేనే రాశాను. "తోలు నుంచి సూది దాకా మా గ్లవ్స్‌లో ప్రతిదీ ఈ దేశపుదే. వాళ్ళ దేశపు గుండుసూది కూడా మాకు అక్కర్లేదు" అని. చదివి వినిపిస్తే సంఘంలో చప్పట్లు ఆగలేదు. అధ్యక్షుడు గారు రెండోసారి చదవమన్నారు.

అక్క

*

సుంకాల విభాగం
ఏప్రిల్ 21

అక్కకి,

జాబితా అందింది. బావని తిరగేసినందుకు ప్రత్యేక కృతజ్ఞతలు.

పిన్ని గురించి నువ్వు రాసింది నిజం. రెండు రోజులు అదే ఆలోచించాను. కొనడం మానేసినవాడి గురించి మా లెక్కల్లో గడి లేదు. ఉండాలని డైరెక్టరు గారికి చెప్పాను. ఆయన "ఊఁ" అన్నారు. ఇప్పుడు నీ బాధ అర్థమైంది.

మంత్రిగారి ఉపన్యాసం టీవీలో చూసే ఉంటావు. వంద వస్తువుల మీద ఎదురు సుంకం వేస్తామన్నారు. ఆ వంద ఏమిటన్నది ప్రకటించేవరకు నేను ఎవరికీ చెప్పకూడదు, నీకు కూడా. సంతకం పెట్టి ఉన్నాను. ఇంతకంటే ఏమీ రాయలేను. ఒక్కటే మళ్ళీ అడుగుతున్నాను, ప్రతి వస్తువూ నిజంగా తిరగేసి చూశావు కదా?

నీ తమ్ముడు

*

వర్క్‌షాపు
జూన్ 28

మా బంగారు తమ్ముడికి,

ఈ పిలుపు చూసి కంగారు పడకు, ఇవాళ ఒక్కరోజుకే. జాబితా పేపర్లో వచ్చింది. వంద వస్తువులు! మీ బావ పొద్దున్నే పైకి చదువుతూ ఉంటే ఒక్కోదానికీ మేం చప్పట్లు కొట్టాం. ముప్పైకి వచ్చేసరికి చేతులు నొప్పెట్టి ఆపేశాం. మిగతావి చదవలేదు, అవసరమేముంది?

అవును, చూశాను అని ఏప్రిల్లో జవాబు రాయలేదని కోప్పడకు. మళ్ళీ మళ్ళీ అడిగితే నాకు ఒళ్ళు మండుతుందని తెలుసు కదా.

ఇంకో సంగతి. నువ్వు పంపిన చిరునామాల్లో ఒక ద్రాక్షతోటల కంపెనీ ఉంది చూడు, వేరే దేశంలో. వాళ్ళకి మన గ్లవ్స్ నచ్చాయి. సెప్టెంబరు ఆఖరుకి ఆరు వందల జతలు కావాలట. అవి బాగుంటే ఏటా తీసుకుంటారట. పద్నాలుగు మందికీ పని దొరికినట్టే. ఇది తప్పితే మాత్రం నా దగ్గర ఇంకో దారి లేదు, వర్క్‌షాపు మూసేయడమే. నువ్వు చెప్పింది విన్నందువల్లే ఇది జరిగిందని బావ అంటున్నాడు. నేను అనడం లేదు, ఆయన అంటున్నాడు.

కటింగు పిన్ని ఇవాళ కత్తెర తుడవలేదు. తీరిక లేదు.

అక్క

*

వర్క్‌షాపు
జూలై 19

సుంకాల విభాగం అధికారి గారికి,

తొంభై ఏడో నంబరు. "మూడంచుల కుట్టుసూదులు." ఆ జాబితా మొత్తం ఇవాళ చదివాను అధికారి గారూ.

వారం కింద సూదులు తెమ్మని పంపితే తాత లేవన్నాడు. నేనే వెళ్ళాను. ఎందుకు లేవని గట్టిగా అడిగితే బల్ల కింద నుంచి అట్టపెట్టె ఒకటి తీసి చూపించాడు. దాని మీద అవతలి దేశం పేరు, వేలెడంత అక్షరాల్లో. చెమ్మకి అట్ట పాడవుతుందని ఆయన సూదులన్నీ తన రేకు డబ్బాల్లోకి మార్చి అమ్ముతాడట. ఇరవై ఏళ్ళుగా! "ఎక్కడివని నువ్వెప్పుడూ అడగలేదు కదమ్మా" అన్నాడు. అడగలేదు. అమ్మ కూడా అడగలేదు. ఇప్పుడు సుంకం పడ్డాక తెప్పించేవాడు తెప్పించడమే మానేశాడట.

మామూలు సూదులతో కుట్టి చూశాం. తోలులో దిగవు. బలవంతాన దిగితే కుట్టు వెంట చీలిపోతోంది. ఉన్న మంచి సూదులు పదకొండు. పిన్ని వాటిని రాయి మీద నూరి నూరి ఇస్తోంది. ఆరు వందల జతలు, పదకొండు సూదులు!

అవతలి దేశం వాళ్ళు చేయలేని పని మన ప్రభుత్వం చేసింది. వాళ్ళు ఒక తలుపే మూశారు, మీరు రెండోది మూశారు. ఒరేయ్, నీకు ముందే తెలుసు కదరా. రెండు డబ్బాలు కొని దాచుకో అక్కా అని ఒక్క ముక్క చెప్తే నీ సొమ్మేం పోయేది? సొంత అక్క కంటే నీకు ఆ సంతకం ఎక్కువైందా?

గోడ మీద నీ చేతికి వెల్ల వేశాను. పిల్లల సైజు ఇక ఎవరు అడిగినా లేదని చెప్తాను.

*

సుంకాల విభాగం
జూలై 24

అక్కకి,

తెలుసు. చెప్పలేదు. చెప్పకూడదు కూడా. నీకు చెబితే నీ వీధి చివర తోలు బ్యాగులు కుట్టేవాడికి ఎవరు చెప్తారు? వాడికి ఇక్కడ తమ్ముడు లేడు.

కానీ నేను దాచింది ఇంకొకటి ఉంది. అది చెప్పకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

మా జాబితా తొంభై ఒకటి దగ్గర ఆగింది. నన్నడిగితే ముప్పై దగ్గరే ఆగాలి, కానీ మంత్రిగారు ఉపన్యాసంలో వంద అన్నారు. తొంభై ఒకటి వంద కాదు కదా. ఒక మధ్యాహ్నం కూర్చుని ఇంకో తొమ్మిది వెతికాం. సూదుల పేరు వచ్చినప్పుడు తోలు పనివాళ్ళకి ఇవి కావాలేమోనని అడ్డం చెప్పాను. రుజువు ఏదన్నారు డైరెక్టరు గారు. ఫైలు తెరిచారు. అందులో సూదుల మాట ఉన్న కాగితం ఒక్కటే. తయారీదార్ల సంఘం అర్జీ, మూడో పేరా. "తోలు నుంచి సూది దాకా." పైకి చదివారు. కింద నీ సంతకం.

నీ ఏప్రిల్ ఉత్తరం కూడా గుర్తొచ్చింది. సూదులు మనవే అని రాశావు. నా అభ్యంతరం నేనే వెనక్కి తీసుకున్నాను. అక్క రాసింది కదా అని నమ్మాను, చిన్నప్పటి నుంచీ అదే అలవాటు. కానీ నాకు జీతం ఇచ్చేది నమ్మడానికి కాదు, తనిఖీ చేయడానికి. ఆ సూదుల పెట్టె ఒక్కటి తెప్పించి చూసి ఉంటే సరిపోయేది. చూడలేదు. ఇందులో నీ తప్పు ఎంతో నా తప్పూ అంతే.

దారి ఒకటి ఉంది. జాబితా మీద అభ్యంతరాలకి ఆగస్టు పదిహేను వరకు గడువు. ముందు రాసిన మాట తప్పని ఆ రాసినవాళ్ళే ఒప్పుకుంటూ రాయాలి. వేరేవాళ్ళు రాస్తే ఫైల్లో నీ మాటే నిలుస్తుంది. అర్జీదారు మా అక్క అని డైరెక్టరు గారికి చెప్పేశాను. అందుకని ఈ ఫైలు నా దగ్గర ఉండదు, పక్క సీటు ఆయనకి వెళ్తుంది. నన్ను నిదానం అంటావు గానీ, ఆయన్ని చూస్తే నన్ను తుఫాను అంటావు. నేను ఆయన్ని తొందరపెట్టకూడదు, అడగకూడదు.

చేతికి వెల్ల వేయడం న్యాయమే. ఒక్క పూత సరిపోదు, పెన్సిలు గీత పైకి తేలుతుంది.

నీ తమ్ముడు

*

వర్క్‌షాపు
ఆగస్టు 6

తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉందని మీ బావ అన్నాడు. నాలుగో రోజు ఆయనతోనే మొదలుపెట్టాను.

సంఘం మీటింగు పెట్టి నిజం చెప్పాను. చప్పట్లు కొట్టినవాళ్ళే బూట్ల వైపు చూసుకుంటూ కూర్చున్నారు. అధ్యక్షుడు గారు ఏమన్నారో తెలుసా? "పేరా చాలా బాగా కుదిరిందమ్మా, తీసేయడం ఎందుకు? సూదులే ఏదోలా చూసుకుందాం" అన్నారు. ఆయన చేసేది ప్లాస్టిక్ గ్లవ్స్, సూదితో పనే లేదు. ఆయన్ని ఏమన్నానో ఇక్కడ రాయను, నువ్వు ప్రభుత్వ ఉద్యోగివి.

మీ ఆఫీసుకి పంపింది ఇదీ. "అయ్యా, మా అర్జీ మూడో పేరా తప్పు. అది రాసింది నేను. మా సూదులు ఎక్కడివో నాకు తెలియదు, తెలుసుకోకుండానే రాశాను. మూడంచుల సూదులు ఈ దేశంలో ఎవరూ చేయడం లేదు, ఈసారి నాలుగు ఊళ్ళు తిరిగి కనుక్కున్నాను. అవి లేకపోతే మా పని ఆగిపోతుంది. వాటి మీద సుంకం వేస్తే అవతలి దేశానికి తెలియను కూడా తెలియదు. మాకు తెలుస్తోంది." కింద సంతకం పెట్టాను.

ఒకటి మాత్రం వెనక్కి తీసుకోను. తిరిగి కొట్టాల్సిందే. కానీ కొట్టే ముందు చెయ్యి ఎక్కడ పడుతుందో చూసుకోవాలి. ఇది నువ్వు మార్చిలోనే చెప్పావని గుర్తు చేయకు.

అక్క

*

సుంకాల విభాగం
సెప్టెంబరు 26

అక్కకి,

తొంభై ఏడో నంబరు తీసేశారు. నిన్న సాయంత్రం ఉత్తర్వు వచ్చింది, నకలు దీంతో పెడుతున్నాను. సూదులు మళ్ళీ తెప్పించుకోవచ్చు.

ఏడు వారాలు ఎందుకు పట్టిందో వింటే గోడకి తల కొట్టుకుంటావు. నీ కాగితం మొదటి వారంలోనే ఒప్పుకున్నారట. పక్క సీటు ఆయన్ని నిదానం అన్నందుకు క్షమాపణ చెప్పాను. ఆగింది ఎక్కడంటే, సూదులు తీస్తే తొంభై తొమ్మిదే మిగులుతాయి. మంత్రిగారు చెప్పింది వంద. ఆ ఖాళీలోకి ఇంకొకటి దొరికేదాకా ఉత్తర్వు మీద సంతకం ఆపారు. ఆరు వారాలు వెతికారు.

జాబితాని ముప్పైకి కుదించమనీ, పని ఆగిన వర్క్‌షాపుల్లో జీతాలు ప్రభుత్వమే ఇవ్వాలనీ రెండు పేజీలు రాసిచ్చాను. ఫైల్లో అన్నిటికంటే అడుగున ఉంది. ఉన్నమాట మాత్రం నిజం.

కొత్తగా చేర్చినదేమిటో ప్రకటించేవరకు చెప్పకూడదు. వర్క్‌షాపంతా ఇంకోసారి తిరుగు. ప్రతి వస్తువూ తిరగేసి చూడు. ఎందుకని అడగకు.

నీ తమ్ముడు

*

వర్క్‌షాపు
అక్టోబరు 12

తమ్ముడికి,

ఈసారి ఎందుకని అడగలేదు. అందరం కలిసి ఒక రోజంతా తిరగేశాం. మిషన్లు పక్కకి వంచి పట్టుకుంటే జనవరి అమ్మాయి కింద దూరి చదివింది. జాబితా దీంతో పెడుతున్నాను, మూడు పేజీలు. సగం వస్తువులు మనవి కావు. గోడ గడియారం కూడా.

ద్రాక్షతోటల వాళ్ళకి గడువులోపు పంపగలిగింది రెండు వందల జతలు. పదకొండు సూదులతో అంతే అయ్యాయి, అవీ పిన్ని నూరి ఇచ్చినవి. వాళ్ళు మంచివాళ్ళు, తీసుకున్నారు. మిగతా నాలుగు వందలు వేరేచోట కొనుక్కున్నారు. వచ్చే ఏడు తక్కువగా మొదలుపెడదామన్నారు. పనికి పదకొండు మంది చాలు. తలుపు మూయలేదు, అది చాలనుకో అని బావ అంటున్నాడు. అనుకోలేకపోతున్నాను.

ముగ్గురు వెళ్ళిపోయారు. అందులో ఒకరు కటింగు పిన్ని. సెప్టెంబరు మొదట్లోనే వెళ్ళింది, నీకు రాయడానికి నాకు మనసు రాలేదు. పళ్ళరసం డబ్బాలు నింపే ఫ్యాక్టరీలో మూతలు బిగిస్తోంది. సూదులు వచ్చాయని చెప్పడానికి పరుగెత్తుకుంటూ వెళ్ళాను. "ఇక్కడ సంవత్సరానికి రాయించుకున్నారమ్మా, మధ్యలో రాలేను" అంది. నేను అక్కడే ఏడ్చాను. ఆవిడే నన్ను ఊరుకోబెట్టింది.

కత్తెర ఇక్కడే వదిలి వెళ్ళింది, అమ్మ ఇచ్చింది కదా అని. నిన్న దాన్ని కూడా తిరగేశాను. రెండు రెక్కల్నీ కలిపే మేకు పక్కన చిన్న అక్షరాల్లో అవతలి దేశం పేరు ఉంది. మూడో పేజీలో ఆఖరున రాశాను చూడు. నీ వందో వస్తువు అదైతే నాకు చెప్పకు, చెప్పకూడదని తెలుసు.

సూదుల ఫైలు మీద "పరిష్కరించబడింది" అని ముద్ర కొట్టారని నువ్వు పంపిన ఉత్తర్వులో ఉంది. పిన్ని పేరు ఆ ఫైల్లో ఎక్కడైనా ఉందా? ఉంటే ఏ నంబరు దగ్గర ఉందో వెతికి చెప్పు. అది మాత్రం నువ్వు చెప్పొచ్చు.

ఆదివారం రా. లిఫ్టు బాగుపడ్డాకే బయల్దేరతాననకు. నువ్వు చెప్పినట్టే ఒక్క పూత ఆగలేదు, నీ వేళ్ళు మళ్ళీ కనిపిస్తున్నాయి. పక్కనే నీ ఇప్పటి చెయ్యి గీస్తాను. వెళ్ళిపోయిన మిగతా ఇద్దరి చేతుల మీద కొత్తవాళ్ళవి గీసుకోమని వాళ్ళే చెప్పారు. పిన్ని చెయ్యి మాత్రం అలాగే ఉంచుతాను. మధ్యస్థం సైజుకి ఇక్కడ అందరం కొలిచేది దాన్నే.

అక్క